మ్యాపులు మార్చిన బండి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి పటాన్‌చెరుకు కంపెనీ ఆడవాళ్లను చేరవేయడం మా ఆయన పని. వాళ్లలో నేనూ ఒకదాన్ని. మందుల కంపెనీలో డబ్బాలు కట్టేదాన్ని. మా బండి పాతదే అయినా, లోపల కంప్యూటర్ ఉన్న కొత్తరకం డీజిల్ వ్యాను. కొన్న కొన్నాళ్లకే గుంజడం మానేసింది. గేటు మూసేలోపు చేరకపోతే మా అందరికీ సగం పూట జీతం పోయేది. ఇంకోసారి ఆలస్యమైతే ట్రిప్పు వేరేవాళ్లకిస్తామని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

ఐటీఐ చదివిన మా మరిది ఎవరిదో ల్యాప్‌టాప్ తెచ్చి వాకిట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ కింద వైరు గుచ్చి, "మ్యాప్ మారుస్తున్న వదినా" అన్నాడు.

"తొవ్వ మీ అన్నకు తెల్వదా? మ్యాప్ ఎందుకు?"

"గా మ్యాప్ కాదు. ఎంత గాలికి ఎంత డీజిల్ పోవాల్నో దీంట్ల ఉంటది. బూస్టు పెంచుతున్న."

గోడ అవతల నుంచి పక్కింటామె, "పాలల్ల కలిపి తాపు బిడ్డా, జల్దీ ఉరుకుతది" అంది.

నేనప్పుడు తెలుగు అక్షరాలే కొత్తగా నేర్చుకుంటున్నా. తెర మీద ఏముందో తెలియదు. మార్చిన ప్రతిసారీ పొగ నల్లబడడం మాత్రం తెలిసేది. ఆరేసిన నా యూనిఫాం చీర నిండా మసి.

నేను గొడవ పెట్టుకున్నాక గొట్టం విప్పి చూశారు. ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో చక్రం, వేలితో తాకితే వదులుగా ఊగింది.

మరిది తలెత్తాడు. "అన్నా, బండి ఆగంగనే చావి తిప్పేస్తున్నవా?"

"మరి? ఉత్తగ డీజిల్ కాల్చాల్నా?"

"బండి ఆగినంక ఇంజన్ జెరసేపు నడవనియ్యాలె. లేకుంటే టర్బోకు నూనె అందదు, మాడిపోతది."

"గిన్నేండ్లు లారీ గట్లనే నడిపిన. లారీ మాడలే."

మా దగ్గర మంచి డ్రైవరంటే అదే మరి. ఊరి మలుపు రాగానే ఇంజన్ ఆపి, ఆ ఊపుతోనే బండిని ఇంటి ముందుకు జారించాలి. ఈయనకు అందులో పేరుంది.

"టర్బో మార్చుర్రి" అన్నాను.

"ఆగు వదినా, కంప్యూటర్ల సర్దుత" అంటూ మరిది గొట్టం బిగించేశాడు. మా ఆయనకూ అదే నచ్చింది. తప్పు తన చేతిలో కాక కంప్యూటర్‌లో ఉందంటే ఆయనకు హాయి. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు రుద్రారం దగ్గర లారీని దాటబోతుంటే బండి కీచుమని అరిచి, పొగ కమ్మి నిలిచిపోయింది. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం.

"మ్యాప్ ఈడిదాకనే గీసిర్రా అక్కా?" అంది ఒకామె. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆటోలు పట్టుకుని చేరేసరికి గేటు మూసి ఉంది.

ట్రిప్పు పోయింది. దాన్ని అందుకున్న కంది ఊరివాళ్ల బండి మా ఇంటి ముందే ఆగి హారన్ కొట్టేది. అది వినపడగానే మా ఆయన లోపలికి వెళ్లిపోయేవాడు. మరిది మాత్రం నిలిచిన బండి దగ్గరే కూర్చుని, "ఇంకో మ్యాప్ దొరికింది వదినా" అనేవాడు. అతనికి జవాబు చెబుతూ నిలబడితే హారన్ కొట్టే బండి కూడా తప్పిపోతుందని, టిఫిన్ పట్టుకుని వెళ్లి ఎక్కేదాన్ని.