వరసలో నిలబడని రాజుగారమ్మాయి

నేను పావడా కట్టుకునే రోజుల్లో... మా అమ్మ జమీందారుగారింట్లో వంట చేసేది. జమీ పోయింది, పనివాళ్ళు పోయారు. మిగిలింది పెద్ద రాణిగారు, మా అమ్మ. గిన్నెలో ఉన్నది గంజే అయినా, అమ్మ గరిటె పట్టుకుని "వడ్డించమంటారా?" అని మూడుసార్లు అడగాలి. అడక్కపోతే ఆవిడ ఆకలితోనే లేచి వెళ్ళిపోయేది... ఆ పొగరు చూసి నాకు ఒళ్ళు మండేది.

నాకు అక్షరం ముక్క రాదు. ఈ రాజుగారమ్మాయి గురించి జనం తలో మాట అంటున్నారని, జరిగింది నేనే చెబుతున్నాను... మనవరాలు సింధు టైప్ చేస్తోంది.

ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెద్దవాళ్ళు పగలు గడిపే సెంటర్‌కి వెళ్తాను. అక్కడికి ఒక ముసలావిడ వస్తుంది. యూరప్‌లో ఏదో దేశపు రాజుగారి కూతురట... ఆరేళ్ళప్పుడు తండ్రిని గద్దె దింపితే కట్టుబట్టలతో దేశం దాటారట. మధ్యాహ్నం అందరం ట్రేలు పట్టుకుని వరసలో నిలబడతాం. ఆవిడ కదలదు. తినకుండానే ఇంటికి పోతుంది. చిక్కి సగమైంది. మతి తప్పినట్టుంది, ఇక ఇక్కడ ఉంచుకోలేం, వృద్ధుల హోమ్‌లో చేర్చమని సెంటర్ వాళ్ళు ఆవిడ కొడుక్కి చెప్పేశారు.

మతి తప్పడమా... ఈ రోగం నాకు తెలియదా? నా ట్రేతోపాటు ఆవిడదీ తెచ్చి ముందు పెట్టాను. మూడుసార్లు అడిగాను, తెలుగులోనే. తింది.

పక్కన కూర్చునే రమణమ్మ నవ్వింది. "ఏం వదినా, మహారాణిగారి దగ్గర ఊడిగం కుదిరిందా?"

"అన్నం పెడితే ఊడిగమా? నువ్వు గిన్నె పట్టుకుని నీ మనవడి వెనక తిరుగుతావే, అదేంటి మరి?" అన్నాను.

ఓ రోజు సింధు నన్ను తీసుకెళ్ళడానికొస్తే, ఈవిడకి ఇంకా ఎన్నాళ్ళీ పొగరో అడగమన్నాను. పిల్ల మెల్లగానే అడిగింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది.

"పొగరు కాదు అమ్మమ్మా. వాళ్ళ ప్యాలెస్ ఇప్పుడు మ్యూజియం అంట. పెద్దయ్యాక ఒక్కసారి వెళ్ళిందంట. టికెట్ కొని, లైన్‌లో నిలబడి, తను పుట్టిన రూమ్ చూసిందంట. అప్పట్నించి లైన్ చూస్తే కాళ్ళు రావంట."

పెద్ద రాణిగారిని మేమెవరమూ ఒక్కసారైనా అడగలేదు కదా, ఎందుకమ్మా అని.

ఆఫీసు గదికి వెళ్ళి సింధు చేత అదంతా చెప్పించాను. వాళ్ళు సరేననేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు ఆవిడకి బల్ల దగ్గరికే తెచ్చి పెడుతున్నారు. హోమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ పుట్టిన గదికి టికెట్ పెట్టారు గానీ, గది ఉంచారు... నేను పుట్టిన పాక మీద నాలుగు లైన్ల రోడ్డేశారు. కార్లు జుయ్యిమని పోతున్నాయట. చూద్దామన్నా ఎక్కడ ఆగాలో తెలియదు.

మీరు పుట్టిన చోట ఇప్పుడేముంది? రాయండి... సింధు చదివితే వింటాను.