గుండ్రటి గదిలో మూల

రోజుకొక పోట్లాట పెట్టుకోకపోతే హెడ్డుగారికి తిన్నది అరగదు. అందరికీ ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు, ఆయనకు సాయంత్రం నాలుగయ్యేసరికి తగాదా వచ్చేది. కారణం ఉందా లేదా అని చూసుకునేవారు కాదు. లేకపోతే కాసేపు వెతుక్కునేవారు. అప్పటికీ దొరక్కపోతే ఎదుటివాణ్ణే నిలదీసేవారు. “ఏమయ్యా, నిన్న నేనన్ని మాటలంటే ఊరికే పడ్డావెందుకు? నీకు నోరు లేదా?”

ఇలాంటి మనిషి దగ్గరికి కావాలని ఎవరూ వెళ్లరు. గడియారాలాయన వెళ్లాడు. గడియారాలు బాగుచేసుకు బతికే ఆయన, భార్య పోయిన ఎనిమిది నెలలకు కొట్టు మూసేసి, సముద్రం మధ్య రాతి మీదున్న లైట్‌హౌస్‌లో, పెద్ద కాపరి అయిన హెడ్డుగారి కింద మూడో కాపరిగా చేరాడు. అక్కడ దీపాన్ని తిప్పేది గడియారం లాంటి యంత్రమే, దానికి చేయి తిరిగిన మనిషి కావాలి. ఈయనకేమో ఎవరూ పలకరించని చోటు కావాలి. అలాంటి చోటుకే వచ్చాననుకుని పడవ దిగాడు పాపం.

ఆ లైట్‌హౌస్ సంగతి కాస్త చెప్పాలి. అయిదు గదులు, ఒకదాని నెత్తిన ఒకటి. అట్టడుగున మంచినీళ్ల తొట్టి, కిరోసిన్ పీపాలు. దాని మీద వంటగది, ఆపైన పడకగది, ఆపైన యంత్రం గది, అన్నిటికీ పైన దీపం, దీపం చుట్టూ కటకటాల వసారా. గదులన్నీ గుండ్రం. గోడను బట్టి మంచాలూ వంపుగా చేయించారు. వాటి మీద కొడవలిలా పడుకున్న మనిషి, పొద్దున లేచి నిటారుగా కావడానికి అరగంట పట్టేది. అన్ని గదుల నడుమా నిలువునా ఒక ఇనప గొట్టం, అందులో యంత్రాన్ని తిప్పే బరువు గొలుసుకు వేలాడుతూ దిగుతుంటుంది. దీపం వెలిగినంతసేపూ అరగంటకొకసారి ఎవరో ఒకరు దాన్ని చుట్టి పైకి లాగాలి, లేకపోతే దీపం ఆగిపోతుంది, ఓడలు రాళ్లకు కొట్టుకుంటాయి. గాలివాన రోజుల్లో కిటికీలు బిగించేస్తే కిరోసిన్ వాసన తిండిలోకి, దుప్పట్లలోకి, చివరికి కలల్లోకి కూడా వచ్చేది. గోడలు చెమర్చేవి. రొట్టెలకు బూజు, తోలు చెప్పులకూ బూజు.

వచ్చిన రోజే గడియారాలాయన తన సంచీని వంటగదిలో గోడ పక్కన పెట్టాడు.

“అది తియ్యి,” అన్నారు హెడ్డుగారు.

“ఎందుకండీ?”

“అది నా మూల.”

గడియారాలాయన గోడ వంక చూశాడు. చుట్టూ ఒకసారి చూశాడు. “గది గుండ్రంగా ఉంది కదండీ?”

“ఉంటే?”

“మూలలు ఉండవు కదా.”

“ఇరవై రెండేళ్లుగా ఆ మూలలో కూర్చుని టీ తాగుతున్నాను. ఇవాళ పడవ దిగి నాకు మూల లేదంటావా?”

“లేదండీ, మీదే,” అని సంచీ తీసేశాడు.

హెడ్డుగారి మొహం మాడిపోయింది. గెలిచినందుకు ఇంత బాధపడే మనిషిని గడియారాలాయన అంతకుముందు చూడలేదు.

రెండో కాపరిని వడ్రంగి అనేవారు, ఒకప్పుడు ఆ వంపు మంచాలు బాగుచేయడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఈ తగాదాల్లో ఆరితేరినవాడు. మెట్లు నూట ఎనభై ఆరని హెడ్డుగారంటే, ఎనభై ఏడని తనంటాడు. ఇద్దరూ లెక్కపెట్టుకుంటూ దిగి, సగంలో అంకె మరిచిపోయి, మరిపించింది నువ్వంటే నువ్వని మళ్లీ మొదటికి వచ్చేవారు. ఒకసారి హెడ్డుగారికి జ్వరం తగిలింది. వడ్రంగిని మంచం దగ్గరికి పిలిచి, “ఒంట్లో ఓపిక లేదు. ఇవాళ నా మాటలు కూడా నువ్వే అనేసుకో,” అన్నారు. వడ్రంగి నిజాయితీపరుడు. వంటగదిలో నిలబడి రెండు పక్షాలా తనే తిట్టుకుని, చివరికి మీరే గెలిచారని పైకి వెళ్లి చెప్పి వచ్చాడు.

గడియారాలాయన దగ్గర మాత్రం ఈ పప్పులేవీ ఉడకలేదు. “చెంచా సముద్రం వైపు తిప్పి పెట్టావు,” అంటే, “తప్పేనండీ,” అని ఇటు తిప్పేవాడు. ఎటు తిప్పినా సముద్రమే కదా అని అనడానికి ఆయనకు నోరు రాలేదు. “రాత్రి గురక పెట్టావు,” అంటే, “మానేస్తానండీ,” అనేవాడు. హెడ్డుగారు తల పట్టుకుని కూర్చునేవారు.

ఆ ఏడు గాలివాన పట్టి వదల్లేదు. నెలకొకసారి రావలసిన పడవ రెండు నెలలైనా రాలేదు. మంచినీళ్లు మనిషికి రోజుకు రెండు చెంబులయ్యాయి. అల వచ్చి కింద రాయికి కొడితే వంటగదిలో కప్పులు గలగలలాడేవి. గడియారాలాయన ముందు తిండి తగ్గించాడు, తర్వాత మాట తగ్గించాడు, ఆ తర్వాత “అవునండీ” కూడా మానేసి తల ఊపడం మొదలుపెట్టాడు. తన వంతు పని నిమిషం తప్పకుండా చేసేవాడు. అది అయ్యాక, అద్దాలు తుడుస్తానని పై వసారాలోకి వెళ్లి, కటకటాలు పట్టుకుని కింద నీళ్లను చూస్తూ నిలబడేవాడు. రోజురోజుకూ ఆ తుడవడం ఎక్కువైంది. అద్దాల మీద ఉప్పు మాత్రం అలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం చేతి గడియారం విప్పి వంటగది బల్ల మీద పెట్టాడు. పెళ్లినాడు భార్య కట్టిన గడియారం అది. నీళ్లలో పాడవుతుందని విప్పాడు. ఎంతైనా గడియారాలు బాగుచేసిన చేయి కదా. తర్వాత నెమ్మదిగా మెట్లెక్కాడు.

వసారాలో కటకటాల మీద చేయి వేసేసరికి వెనక ఎవరో రొప్పుతున్నారు. హెడ్డుగారు. అరవై దగ్గరపడ్డ మనిషి, మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఆ గడియారం ఉంది. బతిమాలతారేమో, దేవుడి పేరెత్తుతారేమో అనుకున్నాడు గడియారాలాయన.

“దీన్ని నా మూలలో ఎవడు పెట్టాడు?” అన్నారు హెడ్డుగారు.

గడియారాలాయన మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు.

“నిన్నే. మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నాను, నా మూలలో నీ సామాను పెట్టొద్దని. పోయేవాడివి పోతూ పోతూ కూడా అక్కడే పెట్టాలా?”

గడియారాలాయనకు ఒళ్లు మండింది. ఇన్ని నెలలూ దిగమింగినదంతా గొంతులోకి వచ్చింది.

“మూల లేదు,” అన్నాడు.

“ఉంది.”

“లేదంటున్నానా? గుండ్రటి గదికి మూలేమిటి, మీకు మతిగానీ పోయిందా? బల్ల మీద పెట్టాను నేను. ఆ బల్లకూ మూల లేదు, అదీ వంపే. ఈ కట్టడం మొత్తంలో వంపు తిరగనిది మీ మొండితనం ఒక్కటే.”

“మాటలెందుకు? లోపలికి వచ్చి రుజువు చెయ్యి.”

“పదండి.”

కటకటాలు వదిలేసి, హెడ్డుగారిని తోసుకుంటూ ముందు దిగాడు. గొట్టానికి తాడు తగిలించి, కొసకు సుద్దముక్క కట్టి, వంటగది నేల మీద ఇంత సున్నా చుట్టాడు. వడ్రంగి మూలమట్టం పట్టుకొచ్చి గోడకు ఆనించి, “ఇక్కడ కాస్త ఉన్నట్టే ఉందండీ,” అన్నాడు. రెండు గంటలు అరుచుకున్నారు. గడియారాలాయన ఏడుస్తూ అరిచాడు, అరుస్తూ ఏడ్చాడు. తన భార్య ఏ వస్తువు ఎక్కడ సర్దేదో కూడా మధ్యలో చెప్పాడు, పోయి ఏడాది కావస్తున్నా, నిన్న మొన్న పోయినట్టు. చివరికి గొంతు పోయి, తినడానికేమైనా పెట్టమన్నాడు. నాలుగు రొట్టెలు తిన్నాడు. హెడ్డుగారు తానే ఆ గడియారాన్ని ఆయన చేతికి కట్టి, “నేను ఓడిపోలేదు. రేపు నాలుగింటికి రా, ఆలస్యం చెయ్యకు,” అన్నారు.

ఇరవై రోజులకు పడవ వచ్చింది. అందులో వచ్చిన ఇద్దరిని వడ్రంగికి తోడుగా వదిలి, వీళ్లిద్దరికీ రెండు వారాల సెలవిచ్చారు. “ఖాళీ ఇంటికి పోయి ఏం చేస్తావు? మా ఇంటికి రా, మిగిలింది అక్కడ తేల్చుకుందాం,” అని హెడ్డుగారు ఆయన్ని లాక్కెళ్లారు.

తీరా ఇంట్లో హెడ్డుగారికి నోరు పెగల్లేదు. భార్య పెట్టింది తిన్నారు, చూపించిన చోట కూర్చున్నారు. కూరలో ఉప్పు మరిచిపోతే బాగుందన్నారు. నాలుగయ్యేసరికి గడియారాలాయన గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చున్నాడు. హెడ్డుగారు కిటికీ దగ్గర ఏదో రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

“ముప్పై ఏళ్లలో నన్ను ఒక్క మాట అని ఎరగరు, తమ్ముడూ,” అంది ఆవిడ, వంటింట్లో ఈయనకు టీ పోస్తూ. “అక్కడ కూడా ఇలాగే మూగవాడిలా కూర్చుని బెంగపెట్టుకుంటారేమోనని నా భయం. కాస్త మాట్లాడిస్తూ ఉండు.”

“అలాగేనక్కయ్యా,” అన్నాడు గడియారాలాయన.

“ఇదివరకు అక్కడొకాయన ఉండేవాడు. పరమ నెమ్మదస్తుడు. అలాంటివాణ్ణి కదపకూడదని ఈయన అతని మానాన అతన్ని వదిలేశారు. ఒకరోజు పై వసారాలో అతని చెప్పులే మిగిలాయి. అప్పట్నుంచి సెలవుకొస్తే చాలు, ఇలా రాసుకుంటూ కూర్చుంటారు. ఏమిటో చెప్పరు.”

హెడ్డుగారు కునుకు తీస్తుంటే గడియారాలాయన ఆ కాగితాలు చూశాడు. వచ్చే మూడు నెలల తగాదాలు, తేదీలతో సహా. ‘దుప్పట్లలో ఎవరిది పొడుగు.’ ‘నా దగ్గును వెక్కిరించాడు.’ ‘టీ కప్పు నాకేసి చూస్తోంది.’ అవతలివాడు ఏమంటే తను ఏమనాలో కూడా రాసుకున్నారు. కొన్ని కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో ‘వద్దు, మనసు నొచ్చుకుంటాడు’ అని పెట్టారు. గడియారాలాయన కాగితాలను ఉన్నవి ఉన్నట్టే సర్దేశాడు.

సెలవైపోయి మళ్లీ పడవ ఎక్కారు. దూరాన లైట్‌హౌస్ కనబడగానే హెడ్డుగారు మాట మానేసి, పై వసారా వైపే చూస్తూ ఉండిపోయారు. ఎవరి కోసం చూస్తున్నారో గడియారాలాయనకు తెలుసు. అలా ఎక్కువసేపు చూడటం మంచిది కాదనీ ఆయనకు తెలుసు.

“హెడ్డుగారూ, కొంచెం జరగండి,” అన్నాడు. “నా గాలంతా మీరే పీల్చేస్తున్నారు.”

హెడ్డుగారు ఇటు తిరిగారు. “నీ గాలేమిటి?”

“పడవలో ఈ సగం నాది. ఇటునుంచి వచ్చే గాలీ నాదే.”

“నీకెవరైనా రాసిచ్చారా?”

“రాసివ్వకపోతే మాత్రం?”

హెడ్డుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. “అసలు గాలి ఎటునుంచి వస్తోందో నీకు తెలుసా? ముందది చెప్పు,” అన్నారు.

పడవ రాతి దగ్గర ఆగాక, దిగండి మహాప్రభో అని పడవవాడు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.