అత్త వేలు, కళ్లం మరక

అత్త పోయిందని పాస్టరయ్య ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో ఒక రైతు పాసుపుస్తకం స్కాన్ చేస్తున్నాను. "పొద్దున్నే ప్రభువునందు నిద్రించింది బ్రదర్," అన్నాడాయన. సరే అన్నాను. స్కాన్ పూర్తి చేసి, ప్రింట్లు తీసి రైతు చేతికిచ్చి, ఆయన మెట్లు దిగాక షట్టర్ దించాను. ఇది చదివి వీడేం మనిషని మీరు అనుకోవచ్చు. అత్త అనుకోదు. పని సగంలో వదిలి లేచేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఆమె మా నాన్న చెల్లెలు. ఆర్మూర్ నుంచి బాల్కొండ దాకా పసుపు కళ్లాల్లో పనిచేసింది. పసుపు ఉడికి, ఎండి, పాలిష్ అయ్యాక సన్నటి కొమ్ములు ఒక కుప్ప, లావుపాటి గుండ్లు ఒక కుప్ప చేసే పని. ఆదివారం వచ్చిందంటే మా చిన్న చర్చిలో ఆడవాళ్ల పాటలకు ఆమే ముందు నిలబడేది. ఆ పాటల్లో చాలా వరకు తను కట్టినవే. సద్ది తిన్నాక తోటివాళ్లు కళ్లం పక్కన నడుం వాలిస్తే, ఈమె గోనెసంచి మీద కూర్చుని కూనిరాగం తీస్తూ రాసుకునేది. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపే రాసేది. గీతల పుస్తకం కొనిస్తానంటే వద్దంది. "గీతలుంటె నాకు బడిల కూసున్నట్టయితది, పాట రాదు," అంది.

దేవుడి పాటలు కట్టే మనిషి కదా, శాంతమూర్తి అయ్యుంటుందని అనుకోకండి. ఎవరైనా రాగం తప్పితే ప్రార్థన మధ్యలోనైనా సరే తలతిప్పి చూసేది. ఆ చూపుకు భయపడి పెదాలు మాత్రమే కదిలించేవాళ్లు మా చర్చిలో ఇప్పటికీ ఉన్నారు. మెండోర నుంచి కోడలుగా వచ్చిన ఒకామె గొంతు బాగుందని ఎవరో మెచ్చుకుంటే, చాలా రోజులు ఆ మెచ్చుకున్నామెతో మాట్లాడలేదు. టీ సాసర్లో పోసుకుని తాగేది. స్టూల్ వేస్తే కూర్చునేది కాదు, కుర్చీయే కావాలి. తన దస్తూరి అందంగా ఉంటుందని తనకు బాగా తెలుసు, ఎవరూ అనకపోతే తనే గుర్తుచేసేది.

నా పని జిరాక్స్, స్కానింగ్, డీటీపీ. ఆర్మూర్‌లో ఈ పని చేసేవాడికి మొదట అర్థమయ్యేది పసుపు. మార్కెట్ యార్డు నుంచి నేరుగా వచ్చేవాళ్ల ఆధార్ కార్డు మీద, పొలం కాగితాల మీద, పిల్లల మార్కుల మెమో మీద కూడా పసుపే. స్కాన్ చేస్తే ఆ మరక ముదురుగా వచ్చి అక్షరాలను మింగేస్తుంది. కంప్యూటర్లో రంగుల బొమ్మకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. అందులో ఎరుపు పొర ఒక్కటే తీసుకుంటే పసుపు తెల్లకాగితంలో కలిసిపోతుంది, నీలం సిరా నల్లగా నిలబడుతుంది. ఈ పద్ధతిని ఒక బటన్‌గా చేసి పెట్టుకున్నాను. దాని పేరు కూడా 'పసుపు' అనే పెట్టాను. ఏ కాగితం వచ్చినా ముందు ఆ బటన్ నొక్కడం నాకు చెప్పులు విడిచినంత అలవాటు.

ఈ మధ్య అత్తకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు పాటలు బంద్ చెయ్యమన్నాడు. ఆమె ఏడవలేదు, డాక్టరును తిట్టలేదు. ఒక ప్లాస్టిక్ కవర్లో క్యాలెండర్ కాగితాలన్నీ పెట్టుకుని నా దుకాణానికి వచ్చింది.

"అల్లుడా, చర్చిల ప్రొజెక్టర్ తెర పెట్టిండ్రు గద. నా పాటలన్ని గా తెర మీద రావాలె."

"ఫోన్ల ఫోటో తీస్త తియ్ అత్తా."

"ఫోటో గీటో వద్దు, టైపు గూడ వద్దు. నా దస్తూరే ఉండాలె. సక్కగ కనవడాలె. కోత పండుగ నాటికి మా ఆడోళ్లు నా మొకం సూడకుంట పాడాలె. నేను రోజు వస్తనా?"

అప్పటిదాకా మా ఆడవాళ్లు పాడింది ఆమె చెయ్యి చూసి. రెండు వైపులుగా నిలబడతారు. ఆమె చెయ్యి ఎత్తితే ఇటువైపు వాళ్లు ఆపుతారు, అటువైపు వాళ్లు అందుకుంటారు. ఆ చెయ్యి లేకుండా పాట నిలబడాలన్నది ఆమె కోరిక. తను పోయాక తన పాటలు కవర్లోనే ఉండిపోతాయేమోనని ఆమెకు బెంగ. ఆ మాట పైకి అనలేదు గానీ కవరు నా చేతికిచ్చి చాలాసేపు వదల్లేదు.

నేను మామూలుగానే చేశాను. బటన్ నొక్కాను, పసుపంతా పోయింది. క్యాలెండర్ అంకెలు వెనకనుంచి ఇవతలికి కనిపిస్తున్నాయి. ఎరుపు పొరలో ఎర్ర అంకెలు కూడా మాయమవుతాయి కాబట్టి ఆదివారాలు వాటంతటవే పోయాయి. మిగతా వారాలవి నల్లవి, సిరా కంటే కాస్త పలచగా ఉన్నాయి. ఎంత నలుపు దాటితే అక్షరం, ఎంత లోపు ఉంటే నీడ అని ఒక హద్దు పెట్టి వాటినీ తీసేశాను. చుక్కలు, మడతల గీతలు తుడిచాను. మంచి పని అనిపించింది.

అత్త కంప్యూటర్ తెర ముందు కుర్చీలో కూర్చుని కళ్లజోడు సర్దుకుంది. "గిది నా దస్తూరేనా?" అంది. తనదేనని తనే ఒప్పుకుని, ఒక పేజీ ప్రింటు తీయించుకుని, పక్కనున్న టైలరు దుకాణంలో చూపించి వచ్చింది.

ఆమె చెయ్యి ఎత్తకుండా, తెర చూసి పాడే ప్రాక్టీసు చర్చిలో జరిగింది. మర్నాడు నేను షట్టర్ తీసేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది.

"ఏం జేసినవ్ అల్లుడా? పాటంత ఆగమాగం అయింది. ఒకలు పాడుతుంటే ఒకలు జొరవడ్డరు."

"అక్షరాలన్నీ ఉన్నయి గద అత్తా."

"అక్షరాలున్నయి. ఎక్కడ ఆపాల్నో ఏది?"

కవర్లోంచి కాగితం తీసి నా ముందు పరిచింది. మాటల మధ్యలో, వరసల చివర, పసుపు మచ్చలు. "గిది నా వేలు," అంది. "ఊపిరి ఆపేకాడ ఒత్తిన."

"పెన్నుతోని గీత పెట్టొచ్చు గద!"

"కుడి చేత రాసుకుంట నోట్లె పాడుకుంట ఉంట. ఎడమ చెయ్యి ఉత్తగనే ఉంటది గద. గా చెయ్యితోని ఒత్తుత." నా వైపు జాలిగా చూసింది. "గింత సదివినవ్, పసుపు కనవడంగనే తుడుసుడేనా?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంకో ఊళ్లో ఎవరికైనా ఆ కాగితం ఇస్తే, ఇన్ని మచ్చలు ఇంత వరసగా ఎందుకున్నాయని ఒక్కసారైనా అడిగేవారు. మా ఊళ్లో పసుపు మచ్చను ఎవరూ చూడరు. పుట్టిన దగ్గర్నుంచి చూసి చూసి, మా కళ్లకే ఒక బటన్ తయారై ఉంది.

అప్పటినుంచి అసలు చిక్కు మొదలైంది. ఆమె వేలు ఒత్తిన మచ్చా పసుపే, కళ్లంలో పడ్డ మరకా పసుపే. రంగులో తేడా లేదు, కాబట్టి కంప్యూటర్‌కు తేడా తెలియదు. అందుకని మధ్యాహ్నాలు ఆమె వచ్చి కుర్చీలో కూర్చునేది. నేను కాగితాన్ని తెర మీద పెద్దది చేసి ఒక్కో మచ్చా చూపించేవాణ్ణి. "గిది నాది." "గిది కళ్లంది." "గిది కూడ కళ్లందే, తుడువు." ఆమెదైతే అక్కడ శుభ్రంగా ఒక గుండ్రటి పసుపు చుక్క పెట్టేవాణ్ణి. తెర మీద పసుపు కనిపించిన చోట ఒకవైపు వాళ్లు ఆపాలని, రెండోవైపు వాళ్లు అందుకోవాలని ఆడవాళ్లకు ఆమే నేర్పింది.

అనుమానం వస్తే పాడి చూసేది. డాక్టరు వద్దన్నా సన్నటి గొంతుతో ఆ ఒక్క చరణం ఎత్తుకునేది. ఊపిరి అక్కడే ఆగితే మచ్చ తనది. మధ్యలో దగ్గు వస్తే, నీళ్లు తాగి మళ్లీ మొదటినుంచి. ఒకసారి పొలం పహాణీ నకలు కోసం వచ్చిన ఒక పెద్దమనిషి నిలబడి మొత్తం విన్నాడు. "కానియ్ అమ్మా, నాకేం జల్ది లేదు," అన్నాడు. ఆమెకు ఎవరైనా వింటే చాలు, ఇంకో చరణం పాడింది.

తమాషా ఏమిటంటే, కొన్నిచోట్ల ఆమెకే తెలిసేది కాదు. ఒక మచ్చ దగ్గర రెండుసార్లు పాడి, తల అడ్డంగా ఊపి, "నాది కాదు," అంది. నేను తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మళ్లీ పాడింది, ఈసారి ఆ మచ్చ దగ్గర ఆగుతూ.

"కళ్లం మంచిగనే పెట్టింది అల్లుడా. ఉండనీ."

ఆ మధ్యాహ్నాలు నాకు చాలా ఇష్టంగా ఉండేవి. పని వెనకబడుతోందని పైకి గొణిగేవాణ్ణి గానీ, ఆమె రావడం ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి చూసేవాణ్ణి. చిన్నప్పటినుంచి పండగలకూ పెళ్లిళ్లకూ కనిపించే అత్త వేరు. ఒక మచ్చ కోసం మొండిగా కూర్చునే ఈ మనిషి వేరు. ఈమెను కలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఇంకొన్ని కాగితాలు మిగిలి ఉండగానే ఆమెను దవాఖానలో చేర్చారు. ఆ కాగితాల స్కాన్లు ఫోన్లో వేసుకుని వెళ్లాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మంచం పక్కన వంగి ఒక మచ్చ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఫోన్ నా వైపు తోసింది.

"పాడకుంట నేనెట్ల జెప్త?" అంది.

ఆమె నాతో అన్న చివరి మాట అదే. నాకు ఏడుపొచ్చింది బస్సులో, ఇంటికి వస్తుంటే. పక్క సీటాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, మంచివాడు.

ఆమె పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆమె పాట పాడాలని ఆడవాళ్లు అనుకున్నారు. ఏ పాటని అడిగితే, ఆమె చివరగా కట్టినదని చెప్పారు. అది మిగిలిపోయిన కాగితాల్లో ఉంది. నేను చేయగలిగిందంతా చేసి చూశాను. అప్పటికే ఆమె తనదని చెప్పిన మచ్చల సైజు కొలిచి, అంత ఉన్నవి ఉంచి మిగతావి తీసేయమని ప్రోగ్రాముకు చెప్పాను. కుదరలేదు. ఆ కాగితం కళ్లంలో చేతులు మారిందట, అక్కడున్న ఆడవాళ్లందరి వేళ్లూ ఆమె వేలంతే ఉంటాయి. ఇక బటన్ జోలికి పోకుండా, ఏమీ తుడవకుండా, కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు తెర మీద పెట్టాను. వెనక క్యాలెండర్ అంకెలతో సహా.

"గిదేంది, గిట్లున్నది?" అన్నాడు పాస్టరయ్య నా చెవిలో.

"గట్లనే ఉండనియ్యండయ్యా," అన్నాను.

ఆడవాళ్లు రెండు వైపులా నిలబడ్డారు. ముందు ఎవరూ నిలబడలేదు. మెండోర కోడలు ఎత్తుకుంది, ఇటువైపు వాళ్లు కలిశారు. మొదటి మచ్చ దగ్గర ఆపారు, అటువైపు వాళ్లు అందుకున్నారు. రెండో మచ్చ దగ్గరా అంతే. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, అందరి కళ్లూ తెర మీదే. మూడో చరణం మధ్యలో, మాట ఇంకా పూర్తికాని చోట, అరచేయంత పసుపు మరక ఉంది. అది వేలుతో ఒత్తింది కానే కాదు, ఎవరి చేతిలోంచో పొడి ఒలికి ఉంటుంది. ఇటువైపు వాళ్లు ఆ మరక దాకా వచ్చి, సగం మాట మీద ఆపేశారు. ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాటలో మిగిలిన సగాన్ని అటువైపు వాళ్లు మెల్లగా అందుకున్నారు.