కళాయి కీర్తన

మా బడికి కొత్త సారు వచ్చి వారం కాలేదు, అప్పుడే అడిగేశాడు, "పిల్లలు మిమ్మల్ని కళాయి సారు అంటారెందుకు?" అని. కూర్చో నాయనా. ఎవరో ఒకరు ఉప్పూకారం కలిపి చెప్పకముందే నేనే చెప్పేస్తాను. టీ చల్లారేలోపల అయిపోతుంది.

మా మామ, అంటే మా ఆవిడ రూతమ్మ వాళ్ళ నాయన, మా ఊరి చర్చిలో ముప్పై ఏళ్ళు హార్మోనియం ముందు కూర్చున్న మనిషి. ఏటా కోతల పండుగకు ఆయన ఒక కొత్త కీర్తన కట్టాల్సిందే, జనం పాడాల్సిందే. పోయినేడు ఆయన దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈసారి కీర్తన ఎవరు కడతారని పాస్టరు అయ్యగారు అడిగితే, మా రూతమ్మ నన్నొక మాటైనా అడగకుండా, "మా ఇంటాయన కడతాడు" అని చెప్పి వచ్చింది.

నాకు హార్మోనియం వాయించడం వచ్చు. పాట కట్టడం రాదు. బావిలో నీళ్ళు చేదుకోవడం వచ్చినవాడికి బావి తవ్వడం వచ్చినట్టేనా చెప్పు. అయినా తలాడించాను. రెండు కారణాలు. ఒకటి, నాయన కూర్చున్న పీట ఖాళీగా ఉంటే రూతమ్మ తట్టుకోలేదు. రెండోది కర్నూలు ట్రైనింగు.

కర్నూలు కొత్తగా ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది కదా, ఆఫీసులన్నీ డేరాల్లోనే. మా పంతుళ్ళ ట్రైనింగు కూడా ఒక డేరాలోనే పెట్టారు. అందులో ఒక లెక్చరరు, బక్కపల్చటి మనిషి, చాలా గొప్పగా చెప్పాడు. "కొత్త ఆలోచనను మెడబట్టి లాక్కురాలేం. ముందు బాగా ఆలోచించండి. తర్వాత పూర్తిగా మరిచిపోండి. అదే ఒకరోజు వచ్చి మీ తలుపు తడుతుంది." నేను నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

సరే, మొదటి మెట్టు. వారం పాటు బాగా ఆలోచించాను. ఏ రాగం ఎత్తుకున్నా వంటింట్లోంచి రూతమ్మ తీర్పు చెప్పేది.

"అది మా నాయనది."

ఇంకోటి ఎత్తుకునేవాణ్ణి.

"అదీ మా నాయనదే."

ఇంకోటి.

"అది మీ ఇస్కూలు ప్రార్థన."

ఇక లాభం లేదని రెండో మెట్టెక్కాను. మరిచిపోవడం. సరిగ్గా ఆ దినాల్లోనే, ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి పూసే మస్తాన్ మా వీధిలో దిగాడు. మా అరుగుకు ఎదురుగా గుంత తవ్వి, నిప్పు ఊదే తిత్తి అమర్చి, వీధివీధి తిరిగి కేక వేసి వచ్చేవాడు. వీధంతా నవాసాగరం పొగ. పొద్దున లేస్తే ఆ కేకే, సాయంత్రం బడినుంచి వస్తే ఆ కేకే. మరిచిపోదామని కూర్చున్నవాణ్ణి మరిచిపోనివ్వడే! చివరికి నేనే పోయి అడిగాను.

"మస్తానన్నా, రొంత మెల్లగా అరువప్పా. కొత్త పాట కడతాండా."

"కట్టుకో సారూ. నా కూత నీకేం అడ్డమొచ్చె?" అని నవ్వి, ఇంకో ఇత్తడి గిన్నె అందుకున్నాడు.

నాలుగో దినం స్నానం చేస్తుంటే రాగం వచ్చేసింది. ఊరికే రాలేదు, మాటలతో సహా వచ్చింది. తలమీద సబ్బు అట్లాగే ఉంది, నేను తువ్వాలు చుట్టుకుని హార్మోనియం ముందు కూర్చున్నాను.

"స్తోత్రమూ... స్తోత్రము ప్రభువా స్తోత్రమూ... జొన్నలకూ, కొర్రలకూ, శెనక్కాయలకూ..."

చివరి 'కూ' దగ్గర గొంతు కిందికి దించి, మళ్ళీ పైకి లేపి, ఒక చిన్న మలుపు తిప్పాను. నాకే ఒళ్ళు పులకరించింది.

రూతమ్మ చేతిలో గరిటెతో వచ్చి నిలబడింది. "యాడో ఇన్నట్లుండాదే" అంది.

"మంచి పాట అట్లాగే ఉంటుంది. మొదటిసారి విన్నా తెలిసినట్టుంటుంది" అన్నాను, లెక్చరరు గొంతుతో.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా నాయన ఇని ఉంటే శానా సంతోషపడును" అంది. ఆ మాటకు నేను ఆకాశంలో ఉన్నాను. నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, ఈ రాగం లోకంలో ఇంతవరకూ ఎవరూ వినలేదని చెప్పాను. ఆయన దాన్ని పండుగనాడు సంఘమంతటికీ ప్రకటించాడు.

మామ పీటమీద కూర్చుని ఎత్తుకున్నాను. మామ కీర్తన పట్టుకోవడానికి జనానికి నాలుగు ఆదివారాలు పట్టేది. నాది మొదటిసారికే పట్టేసుకున్నారు. పిల్లలు, ఆడవాళ్ళు, వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే పెద్దమనుషులు, అందరూ ఒక్క గొంతుతో. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. ఇంతలో ముందు వరసలో కూర్చున్న సంతోషమ్మ అవ్వ, చెవుడు కాబట్టి మెల్లగా అంటున్నాననుకుని, గట్టిగా అనేసింది.

"అయ్యో, బోకులూ గిన్నెలూ తెచ్చుకోకపోతినే!"

అప్పుడు వినపడింది నాకు. కళాయీ... కళాయి వేస్తామమ్మా కళాయీ... గిన్నెలకూ, చెంబులకూ, తపేలాలకూ.

చర్చి అంతా గొల్లుమంది. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ వైపు చూస్తే రూతమ్మ కొంగులో మొహం దాచుకుని ఉంది, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

ఇంటికి పోయాక తల ఎత్తలేదు నేను. "మీ నాయన పీట పరువు తీసినా" అన్నాను.

అప్పుడు కొంగు తీసింది. కళ్ళనిండా నీళ్ళే, కానీ నవ్వి నవ్వి వచ్చినవి. "మా నాయన పాటలు యాడ పుట్టినాయనుకున్యావు? బావికాడ నీళ్ళు తోడేకి కపిల తోలేటోళ్ళు ఎద్దుల్ని అదిలిస్తా పాడుతారే, ఆడ. అప్పుడూ గుడంతా నవ్వినారు. రెండో ఏటికి మరిచిపోయినారు. నువ్వూ ఓపిక పట్టు."

నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్చరరు చెప్పింది నిజమే మరి. తలుపు తట్టింది. నేనే తలుపు తీసి, అరవొద్దని చెప్పి పంపించాను.

అసలు సంగతి ఇంకా ఉంది. మరుసటి నెల మస్తాన్ మళ్ళీ వచ్చాడు. కేక వినపడగానే నేను లోపల నక్కాను. కానీ 'తపేలాలకూ' దగ్గర గొంతు కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, ఒక మలుపు తిరిగింది. నా మలుపు! వీధిలో పిల్లలు పాడుతుంటే పట్టుకున్నాడట.

"ఇనపడెనా? ఆ రొంత మటుకు నీదే" అంది రూతమ్మ.

ఇక చెప్పేదేముంది. మస్తాన్ వచ్చినప్పుడల్లా ఒక గిన్నె తీసుకుని పోతున్నాను. మా ఇంట్లో ఇత్తడి గిన్నెలన్నీ రెండేసిసార్లు మెరిసిపోయాయి. నిన్న పొద్దున చేతికి ఏదీ దొరక్క సత్తు గిన్నె పట్టుకుపోయాను. మస్తాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికే ఇచ్చేశాడు.

"సారూ, సత్తుకు కళాయి పట్టదు. నీకు ఊరికే ఇనాలంటే కూచో, ఇంకోసారి కూస్తా."

గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాను.