సముద్రం వైపు గోడ

“కాఫీ కలిపినా. తాగి పో.”

“వచ్చి తాగుతాలే. మూత పెట్టు, ఈగలు పడతాయి.”

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకునింది ఇంతే. మూత పెట్టినా. ఆయన ఉలీ, తాపీ, గంపెడు సున్నం తీసుకుని గుడి కాడికి పోయినాడు. నేను పెరట్లో చేపలు తోముతా ఉన్నా, తలెత్తి కూడా చూళ్ళా.

“అత్తా, అది కూడా రాయాల్నా? గుడి గురించి కదా చెప్పమనింది?” అంటా ఉంది నా ఆడబిడ్డ కూతురు.

రాయి అమ్మీ. అది కూడా గుడి గురించే.

ఆదివారం పూజ అయినాక పెద్దలు కూర్చుని మా పాత గుడి పడగొట్టేదా, ఉంచేదా తేలుస్తారంట. అంతమంది మొగోళ్ళ మధ్య లేచి మాట్లాడేదానికి నాకు గొంతు లేదు. సున్నం దుమ్ముకు ఎప్పుడో బొంగురుపోయింది. అందుకే రాయిస్తన్నా. ఫాదరుగారు చదువుతానన్నారు.

ఈ గుడి కట్టినప్పుడు ఊళ్ళో ఒక్క మిద్దె లేదంట, అన్నీ తాటాకిళ్ళే. దొర ఫాదరు ఒకాయన పందిట్లో పూజ చేసేవాడంట. గాలివానకు పందిరి ఎగిరిపోతే అప్పుడు కట్టినారు. సముద్రం వైపు గోడ బారెడు మందం, కిటికీలు చిన్నవి. ఊరి వైపు కిటికీలు మనిషెత్తు. ఆ కిటికీ అరుగుల మీద పిలకాయల్ని పండబెట్టి మేం పూజ వినేవాళ్ళం. పీఠానికి పైనుండే దూలం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ కొయ్య అని పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు. గాలి మళ్ళితే కిర్రుమంటుంది. “ఇంకా నీళ్ళ మీదే ఉన్నాననుకుంటా ఉంది అది” అని మా ఆయన నవ్వేవాడు.

గోడకు గుల్ల సున్నమే. ఈస్టరు ముందర తపస్సు కాలం వస్తే ఒడ్డున ఇంటికొక గంప గుల్లలు ఏరి గుడికి ఇయ్యాల. బట్టీలో కాల్చి, గుంటలో నానబెట్టి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి రుబ్బేవాళ్ళం. మొగోళ్ళు పూస్తే ఆడోళ్ళం గులకరాళ్ళతో నున్నగా రుద్దేవాళ్ళం. అరచేతులు పగిలి, అన్నం కలిపితే భగ్గుమనేది. కొత్త కోడలిగా నేను మెల్లగా రుద్దతా ఉంటే మా అత్త, “ఏందిమే, అది గోడ, నీ మొగుడి వీపు కాదు, గట్టిగా రుద్దు” అనింది అందరి ముందర. మట్టల ఆదివారానికి గుడి ఒలిచిన కోడిగుడ్డు మాదిరి మెరిసేది.

తర్వాత ఇంజను పడవలొచ్చినాయి, చేతుల్లో నాలుగు డబ్బులాడినాయి. “మనిళ్ళన్నీ సిమెంటు, దేవుడిల్లు మాత్రం గుల్లలా?” అన్నారు. ప్రేమతోనే అన్నారు. మేస్త్రి కాబట్టి మా ఆయనే ముందు నిలబడి సముద్రం వైపు గోడకు దట్టంగా సిమెంటు మెత్తినాడు. ఊరంతా చప్పట్లు కొట్టినాం.

ఉప్పు తడి బయటికి పోయే దారి లేక గోడ లోపలే ఉండిపోయింది. బొబ్బలు లేచినాయి. రాలిన చోటల్లా మళ్ళీ సిమెంటే పెట్టినారు. ఇటుక లోపల్లోపలే పిండైపోయింది. మీరు పిలిపిస్తే వచ్చి చూసిన ఇంజనీరుగారు గోడ పడిపోద్దనింది అబద్ధం కాదు, నా వేలికే పొడి అంటింది.

తన తప్పు తానే దిద్దాలని, ఆ కాఫీ తాగకుండా పోయిన పొద్దు మా ఆయన కిటికీ పక్కన సిమెంటు ఊడగొట్టి, గుల్ల సున్నం పెట్టినాడు. గుండాగిపోయి ఆ గోడకే ఆనుకుని కూర్చోనుంటే, గంట కొట్టేదానికి వచ్చినాయన చూసి కేకేసినాడు. నేను పోయేసరికి చేతి మీద సున్నం తడారలేదు. ఇంటికొచ్చి చూస్తే కాఫీ మీద మీగడ కట్టింది.

మొన్న వానలకు గోడంతా కారింది. ఆయన పెట్టిన చోటు పొడిగానే ఉంది. ఎవరైనా పోయి చెయ్యి పెట్టి చూడండి.

పెద్దలారా, నేనడిగేది ఒకటే. ఈ తపస్సు కాలానికి ఆ గోడ సిమెంటు ఒలిచి సున్నం పెట్టనీయండి. ఒక్క వానాకాలం చూడండి. నిలవకపోతే పడగొట్టండి, అడ్డం రాను. మొదటి గంప నేను తెస్తా. నడుం వంగదు, కూర్చుని ఏరుకుంటా. ఆ గోడ పోతే ఆయన చెయ్యి పెట్టిన చోటు ఇంకెక్కడా లేదు నాకు.

అయిపోయింది అమ్మీ. కళ్ళు తుడుచుకోని చదువు, నేను వింటా. ఆ కాఫీ కాడ్నుంచి చదువు.