ఉన్ని టోపీ ముడి

మే నెల ఎండలో గోండ్‌పిప్రి నుంచి చంద్రపూర్ వెళ్తున్నాను. చుట్టూ మరాఠీ మాటల మధ్య నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, బస్సులో పక్క సీటు ముసలావిడ తన చీర కొంగు నా ముందుకు చాపింది. కొంగు చివర చిన్న ఉన్ని టోపీ మూటగట్టి ఉంది.

"జర ఈ ముడి గట్టిగ బిగియ్యి బిడ్డా," అంది.

ఇంత ఎండలో ఉన్ని టోపీ ఎవరికని అడిగాను.

"నా మనుమరాలికి. పుట్టంగనే ఏడ్వలే, ఊపిరి అందలే. మెదడు ఖరాబు కావద్దని చంద్రపూర్ దవాఖానల మూడు దినాలు సల్లటి పరుపు మీద పండవెట్టిన్రు. నిన్న కాలు ముట్టుకుంటే రంజన్ కుండల నీళ్ళ లెక్క సల్లగుండె. పాణం ఆగక కొంగు కప్పిన. నర్సు గుంజేసింది. వెచ్చగ చేస్తే పిల్లకే నష్టమట."

మా ఇళ్ళల్లో పురిటి బిడ్డకు ఎండాకాలమైనా తలకు టోపీ తొడిగి, మంచం కింద కుంపటి పెడతారు. ఆమె చేతులకు అలవాటైన పని అదే.

"నలుగురు పిల్లల్ని గట్ల వెచ్చగుంచే సాదిన. మూడు దినాలు నిండాలంటె ఇయ్యాల పొద్దుమీకిదాంక ఆగాలె. అటెన్క వాళ్ళే మెల్లగ వెచ్చజేస్తరట. అందాంక నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

రెండు ముడులు వేశాను. ఆమె లాగి చూసి, "ఇంకోటెయ్యి," అంది. మూడోది వేశాను.

చంద్రపూర్ స్టాండులో దిగేటప్పుడు ఆమె వేళ్ళు ముడి దగ్గరకు వెళ్ళాయి. వెంటనే చెయ్యి తీసేసి తలుపు కడ్డీ పట్టుకుంది.

ఆ రోజు పొద్దుగూకాక నాకొకటే బెంగ. మూడో ముడి మరీ బిగించేశానేమో, విప్పడానికి ఆమెకు ఆలస్యమవుతుందేమో అని.