చౌభాగ్యవతి

మొన్న మనవరాలి స్నేహితురాలి పెళ్లికి పేరు కుట్టించిన కానుక ఏదైనా ఇద్దామని విజయనగరంలో ఓ ఎంబ్రాయిడరీ దుకాణానికి వెళ్లాం. అరచేతిలో ఇమిడే జిప్పు పర్సు మీద పెళ్లికూతురి పేరూ, అటొక నెమలీ ఇటొక నెమలీ, మనం కాఫీ తాగి వచ్చేలోపు కంప్యూటరు మిషనే కుట్టి పడేస్తుందట. కౌంటరు వెనక గోడకి ‘అక్షరదోషాలకు మా బాధ్యత లేదు’ అని ఒక బోర్డు వేలాడుతోంది. మనవరాలు దాన్ని చదివి నవ్వింది. నాకు నవ్వు రాలేదు సరికదా, యాభై ఏళ్లు దాటినా చల్లారని కోపం ఒకటి అరికాలి నుంచి నెత్తికెక్కింది. ఎవరి మీద అంటే ఏం చెప్పను, వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. పోయినవాళ్లని తిట్టకూడదంటారు గానీ, నాకు ఆ నియమం పెద్దగా పట్టదు.

మా అమ్మకి ఒక్కతే చెల్లెలు. అరసవల్లి దాటాక వచ్చే మెట్ట పొలాల ఊళ్లలో ఒకటి వాళ్లది. పిన్నికి పెళ్లయిన రెండో ఏడే ఆ మహానుభావుడు ఖరగ్‌పూర్‌లో పని దొరికిందని రైలెక్కి, అక్కడే ఇంకో కాపురం పెట్టేసుకున్నాడు. తాతయ్య పోయాక పుట్టింట నిలవనీడ లేక, పంతొమ్మిది వందల అరవైల చివర్లో, గజపతినగరంలో ఉన్న మా ఇంటికి వచ్చింది. ఇంట్లో పెత్తనమంతా నాన్నమ్మది. ఆవిడ వద్దనలేదు. వద్దని ఎందుకంటుంది, జీతం లేని మనిషి వస్తుంటే? దంపుళ్లు, పేడకళ్లు, నీళ్లు మోయడం అన్నీ పిన్నికి అప్పగించి, వచ్చినవాళ్లందరికీ ‘మా కోడలి సెల్లి, మొగుడొగ్గేసినాడు’ అని పరిచయం చేసేది. అది పేరు కిందే వాడేసింది. అమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దేది. నాన్న పేపరు తిప్పేవారు.

ఆ నాన్నే, ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో గానీ, జీవితంలో ఒక్క మంచిపని చేశారు. మా వీధిలో ఆడవాళ్ల కోసం కుట్టు క్లాసు ఒకటి తెరిస్తే పిన్నిని అందులో చేర్పించారు. అప్పట్లో మిషను ఎంబ్రాయిడరీ అంటే ఎంత వింతో మన కాలంవాళ్లకి చెప్పక్కర్లేదు. సూది పక్కన గుడ్డని నొక్కిపట్టే పాదం ఊడదీసి, కింద గుడ్డని లాగే పళ్ల మీద రేకుమూత బిగించి, గుడ్డని చెక్క ఫ్రేములో గట్టిగా బిగించాక, కాళ్లు తొక్కుతూనే ఉండాలి, రెండు చేతులూ ఫ్రేముని ఆకు తిరిగితే ఆకులా, తీగె సాగితే తీగెలా తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, దారం ముడిపడిపోతుంది. కాలు ఆగిందా, సూది విరుగుతుంది. మిగతావాళ్లు సూదులు విరుచుకుంటూ కూర్చుంటే పిన్ని నెల తిరక్కుండా గులాబీలు పూయించింది. క్లాసు నుంచి వచ్చేటప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది, వీధి మలుపు దాకా మనిషిలా వచ్చి మా గుమ్మం దగ్గర మళ్లీ పనిమనిషి అయిపోయేది.

నేర్పే టీచరమ్మ ఎక్కడో కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. పని బాగా తెలుసు, అందులో మాట లేదు. కానీ మా మాట ఆవిడకి పెద్ద వేడుక. ఎవరైనా నోరు జారి ‘సీర’ అన్నారా, లేచి నిలబడి ‘చీర, చేప, చెరువు, చింతపండు’ అని అందరి ముందూ చెప్పాల్సిందే. అందరికంటే ఎక్కువసార్లు లేచింది పిన్నే, ఎందుకంటే ఆమెది మా అందరి కంటే లోపలి పల్లె. కానీ పిన్ని అలగలేదు. రుబ్బురోలు దగ్గర కూర్చుని తనలో తనే ‘చీర, చేప’ అనుకునేది. ‘సూడే గుంటా, చ వచ్చినాదా?’ అని నన్ను అడిగేది. మా నోట ‘స’ వచ్చిన చోటల్లా అసలు మాటలో ‘చ’ ఉంటుందని ఆమెకి పాఠం బాగా ఎక్కేసింది. ఎంత ఎక్కిందంటే, సంతకి వెళ్తూ ‘చంతకెల్తన్నాను’ అనేది, కొట్లో ‘చబ్బు’ అడిగేది. కొట్టువాడు ఆ మాట మళ్లీ మళ్లీ అనిపించుకుని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, పాపం, తను సరిగ్గా అన్నందుకే అనుకుని.

ఈ అవస్థంతా ఎందుకు పడిందంటే, గరివిడిలో ఫ్యాక్టరీ కాలనీ ఆడవాళ్ల కోసం అలాంటి క్లాసే మరొకటి పెట్టబోతున్నారు. నేర్పడానికి పిన్నినే పంపిస్తానని టీచరమ్మ అంది. ఉండడానికి గది కూడా ఇస్తారట. నాన్నమ్మ మాట వినపడనంత దూరంలో ఒక గది, అందులో తన తాళం, తన పొయ్యి. ‘నాకూ ఒక తాళం సెవి ఉంటాది గదే’ అని అమ్మతో అంటూ ఆ రోజు పిన్ని ఏడ్చింది. సంతోషంతో మనిషి ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

అంతలో నాన్న చెల్లెలికి, అంటే మా చిన్నత్తకి, పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు విజయనగరం టౌనువాళ్లు, చదువుకున్నవాళ్లు. సారెలో పసుపు, కుంకుమ, అద్దం, దువ్వెన పెట్టి ఇవ్వడానికి జిప్పు పర్సు ఒకటి ఉంటే టౌనువాళ్ల ముందు దర్జాగా ఉంటుందని నాన్నమ్మకి తోచింది. ‘పువ్వులు కాదే, సవుబాగ్గెవతి అని రాయించు, అచ్చరాలుండాల’ అంది. తనకి అక్షరమ్ముక్క రాదు, అమ్మకీ రాదు. శుభలేఖలోనేమో ‘చి.ల.సౌ.’ అని పొడి అక్షరాలే ఉంటాయి, వాటి వెనక ఏ మాట దాక్కుందో ఎవరికి తెలుసు? మూడో తరగతితో ఆపేసిన పిన్ని, చెవిన పడిన మాటని టీచరమ్మ నేర్పిన లెక్కలో సరిదిద్దుకుంది.

కుంకుమరంగు శాటిను మీద పసుపు దారంతో అక్షరాలు, చుట్టూ మల్లెతీగె. ముందు గుడ్డ పరిచి ఉండగానే పువ్వులూ అక్షరాలూ కుట్టేసి, తర్వాత రెండు ముక్కల పై అంచులకీ జిప్పు వేసి, లోపల అస్తరుగా మల్లు గుడ్డ కలిపి, తిరగేసి మూడు వైపులా కుట్టాలి. కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి, మరిచిపోతే అన్ని వైపులా మూసుకుపోయి పర్సు ఇంక మంచి వైపుకి తిరగదు. జిప్పులు మా ఊళ్లో దొరికేవి కావు, నాన్న పాత రెక్సిన్ సంచీ నుంచి ఊడదీసి కొవ్వొత్తి రుద్ది నున్నగా చేసింది. అంతా క్లాసు మిషను మీదే కుట్టింది. ఇంటికి తెచ్చి నేరుగా సారె బుట్టలో పెట్టేసింది.

పెళ్లి మర్నాడు అప్పగింతల ముందు సారె పళ్లేలు ఒక్కొక్కటీ చేతులు మారుతున్నాయి. పర్సు పెళ్లికొడుకు చెల్లెలి చేతికి వచ్చింది. కాలేజీ పిల్ల. కూడబలుక్కుంటూ ‘చౌభాగ్యవతి’ అని చదివింది. ఇంకోసారి చదివి, పమిట నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు పందిరంతా పాకింది. అంతటితో పోయినా బాగుండేది. పెళ్లికొడుకు తల్లి మాత్రం నవ్వలేదు. ‘చౌ’ అంటే చావే కదా, పెళ్లి పర్సు మీద చావేమిటండీ, మా అబ్బాయి చల్లగా ఉండడం మీకు ఇష్టం లేదా అంది. ఎవరు కుట్టారని అడిగింది. కుట్టిన మనిషికి మొగుడు లేడని, ఉన్నా రాడని ఎవరో చెవిలో వేశారు. ఇంకేముంది, కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది. తన కడుపు మంటకి తమ ఇంటికి చావు రాసి పంపిందన్నారు మగపెళ్లివారు.

నాన్నమ్మ పిన్నిని జుట్టు పట్టుకుని పందిట్లోకి లాక్కొచ్చింది. ‘ఏటే రాసినావు, ఒసే, ఏటి రాసినావు?’ అంటూ వీపు మీద చరిచింది. పిన్నికి తప్పేమిటో ఇంకా తెలియలేదు. ‘స అంటే తప్పని టీసరమ్మ సెప్పినారు గదండీ, అందుకే చ ఎట్టినాను’ అంది. ఆ మాటకి పందిరి గొల్లుమంది. నాన్నమ్మ నోట జన్మలో ‘చ’ పలికి ఎరగదు, ఆవిడ కూడా నవ్వింది, వియ్యపురాలితో కలిసి నవ్వే వీలు దొరికింది గదా.

తర్వాత పిన్నిని అక్కడే కూర్చోబెట్టి అందరి ముందూ కుట్టు విప్పమన్నారు. సూది మొనతో ఒక్కొక్క పోగూ లాగింది. పేరంటాళ్లు తాంబూలాలు నములుతూ చూశారు. కానీ శాటిను మీద మిషను పడితే దారం పోయినా చిల్లులు పోవు. దారం మొత్తం వచ్చేశాక కూడా ‘చౌ’ చిల్లుల్లో చక్కగా కనపడుతూనే ఉంది. అది చూసి పెళ్లికొడుకు తల్లి మొహం తిప్పుకుంది. నాన్నమ్మ పర్సు లాక్కుని వంటపొయ్యిలో పడేసింది. అమ్మ అంతసేపూ స్తంభం పట్టుకుని నిలబడింది, ఒక్క మాట అనలేదు. ఆ మాట అననందుకు అమ్మ మీద నాకు ఇప్పటికీ మనసులో ఎక్కడో ముల్లు ఉంది.

చిన్నత్త ఆ ఇంట్లో నిక్షేపంగా కాపురం చేసింది. చావు రాసిపెట్టిన ఆ పెళ్లికొడుకు, మా మావయ్యగారు, ఎనభై దాటి ఇప్పటికీ కాఫీలో పంచదార తక్కువైందని కేకలేస్తున్నారు. నష్టపోయింది పిన్ని ఒక్కర్తే. పెళ్లి అయిన వారానికే క్లాసు మాన్పించేశారు. నాన్న, ‘పోనీలే, ఇంట్లోనే ఉండనీండి’ అన్నారు, అదేదో దయ చూపిస్తున్నట్టు. గరివిడికి టీచరమ్మ వేరే అమ్మాయిని పంపింది. చాలా ఏళ్లకి, ఆ క్లాసులోనే నేర్చుకున్న మా ఎదురింటి అక్క నాతో ఒక సంగతి చెప్పింది. పర్సు పూర్తవగానే పిన్ని దాన్ని టీచరమ్మకే మొదట చూపించిందట. ఆవిడ చదివి, మిగతావాళ్లకి కన్ను గీటి, చాలా బాగుంది, ఇలాగే ఇచ్చెయ్ అందట. అందరూ తలలు వంచుకుని నవ్వుకున్నారట. ఆ అక్క కూడా ఇది చెబుతూ కాస్త నవ్వింది. ఆ తర్వాత నేను వాళ్ల గుమ్మం తొక్కలేదు.

పిన్ని మళ్లీ మిషను ముట్టలేదు. అంతకంటే ఘోరం, మాట మార్చేసుకుంది. ‘చ’ గానీ ‘స’ గానీ వచ్చే మాటైతే నోట్లోనే మింగేసేది. చీరని కోక అనేది. చూడు అనాల్సిన చోట గడ్డం ఎత్తి చూపించేది. సంతకి వెళ్తూ ఊరికే ‘ఎల్తన్నాను’ అనేది. ఇంత వెతుక్కుంటూ మాట్లాడే మనిషిని చూసి జనం మొద్దు అన్నారు. అలా మొద్దుగానే నలభై ఏళ్లు మా వంటింట్లో గడిపింది.

ఇప్పుడు మా మాటకి మంచి రోజులొచ్చాయి. టీవీల్లో మా యాసకి చప్పట్లు కొడుతున్నారు, మనవరాలు హైదరాబాదు స్నేహితుల దగ్గర ‘ఏటి?’ అని కావాలనే అంటూ మురిసిపోతుంది. గజపతినగరం నుంచి గరివిడి దాకా ఎంతమంది ఆడపిల్లలు మిషన్లు పెట్టుకుని, నోటికొచ్చినట్టు మాట్లాడుతూ, సాయంత్రం తమ కొట్టుకి తామే తాళం వేసుకుని వెళ్తున్నారో. చూస్తే కడుపు నిండుతుంది, ఒళ్లూ మండుతుంది.

పిన్ని పోవడానికి కొన్నేళ్ల ముందు నా కూతురి పెళ్లయింది. నాన్నమ్మ లేదు గనక, పట్టుబట్టి పిన్నిని పీటల దగ్గరికి తీసుకొచ్చాను. అందరూ అక్షింతలు వేసి గట్టిగా సౌభాగ్యవతీ భవ అన్నారు. పిన్ని వంతు వచ్చింది. అక్షింతలు వేసి, చెయ్యి తల మీదే ఉంచింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు. చిన్నమ్మమ్మ ఆ రోజు నన్నెందుకు దీవించలేదమ్మా అని నా కూతురు ఇప్పటికీ అడుగుతుంది. దీవించిందే, మేళంలో నీకు వినపడలేదు అంటాను. దానికి గానీ, యాస అంటే మురిసిపోయే మనవరాలికి గానీ, ఒక్క అక్షరం కోసం మావాళ్లు ఒక మనిషి నోరు కట్టేశారని చెబితే నమ్ముతారా?